నీళ్లెక్కడివి అని అడగండి

కొత్త ఊరికి వెళ్తే మొదట ఏం చూడాలి అని చాలామంది అడుగుతుంటారు. కొన్నేళ్లుగా నా జవాబు ఒక్కటే. ఆ ఊరు ఏ నీళ్లు తాగి బతికిందో ముందు కనుక్కోండి. కోట, గుడి, రాజభవనం ఆ తర్వాత వాటంతట అవే అర్థమవుతాయి.

ఈ జవాబు నాకు ఉచితంగా దొరకలేదు. మొదటిసారి గద్వాల, వనపర్తి వైపు వెళ్లినప్పుడు ఒక్క రోజులో ఏడు చోట్లు తిరిగాను. పొద్దున చీకటితో హైదరాబాదులో కారెక్కి, రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాను. ఫోను నిండా ఫొటోలే. నెల తిరక్కుండానే మా అమ్మాయి ఆ ఫొటోలు చూస్తూ, "నాన్నా, ఇది అలంపురం గుడా, సోమశిల గుడా?" అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. అక్కడికి వెళ్లింది నేనే, ఫొటో తీసిందీ నేనే. అయినా చెప్పలేకపోయాను. ఆ రోజు నాకు నిజంగా బాధ కలిగింది. అంత దూరం వెళ్లి, అంత ఎండలో తిరిగి, దేన్నీ చూడకుండా తిరిగి వచ్చానన్నమాట.

చూడటం కూడా నేర్చుకోవలసిన పనే. ఈతలాగా, వంటలాగా దానికీ సాధన కావాలి. ఆ సాధన మొదలుపెట్టడానికి గద్వాల, వనపర్తి ఉన్న ఈ పాలమూరు నేలను మించిన చోటు తెలుగు దేశంలో నాకు కనిపించలేదు. ఇక్కడ నీరు అరుదు కాబట్టి, మనిషి తన తెలివినంతా నీళ్ల చుట్టూనే ఖర్చు పెట్టాడు. పచ్చటి కోనసీమలో నీళ్లెక్కడివి అని అడిగితే నవ్వుతారు. ఇక్కడ అడిగితే కూర్చోబెట్టి చెబుతారు.

గద్వాల, అలంపురం ప్రాంతాన్ని అక్కడివాళ్లు నడిగడ్డ అంటారు. పైన కృష్ణ, కింద తుంగభద్ర, నడుమ గడ్డ. మ్యాపు చూసినవాళ్లు రెండు నదుల మధ్య నేల కదా, బంగారం పండుతుందనుకుంటారు. కానీ నదులు లోతుగా పారతాయి, చేలు ఎత్తున ఉంటాయి. వాన చాలీచాలదు. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట కట్టి, కాలువ కింద 87,500 ఎకరాలు తడవాలని లెక్క వేశారు. ఆ కాలువ చివరి ఊళ్ల రైతులు నీటి కోసం తరాలుగా కొట్లాడుతూనే ఉన్నారు. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా అక్కడ పాలమూరు కూలి చెమట ఉంటుందని ఒక మాట ఉంది. ఊళ్లో నీళ్లు లేక వలస వెళ్లి, ఎవరి నీళ్ల కోసమో మట్టి మోసినవాళ్ల నేల ఇది. ఈ సంగతి తెలియకుండా ఇక్కడి కోటల ముందు నిలబడితే రాళ్లు తప్ప మరేమీ కనిపించవు.

సాధన ఖిల్లా ఘనపురం నుంచి మొదలుపెట్టండి. వనపర్తి జిల్లాలో ఉంది. కాకతీయుల సామంతులైన గోన వంశీకులు 13వ శతాబ్దంలో రెండు కొండలను కలిపి కట్టిన కోట. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' నవల చదివినవాళ్లకు ఈ వంశం పేరు కొత్త కాదు. రంగనాథ రామాయణం మన చేతికి వచ్చింది కూడా గోన బుద్ధారెడ్డి పేరుతోనే. వాళ్ల రాజధాని వర్ధమానపురం ఇవాళ నాగర్‌కర్నూల్ జిల్లాలో నందివడ్డెమాన్ అనే చిన్న ఊరు.

కొండ ఎక్కాలంటే సూర్యుడికంటే ముందు బయల్దేరండి. ఎనిమిది దాటితే బండలు కాలడం మొదలవుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, తలకు తువ్వాలు. ఇవి లేకుండా ఎక్కకండి. పైకి చేరాక బురుజులు లెక్కపెట్టకండి. ఒక నీడ చూసుకుని కూర్చుని కిందికి చూడండి. కొండ పాదాన గణపసముద్రం కనిపిస్తుంది. చెరువు, కట్ట, కట్ట కింద పొలాలు, పొలాల అంచున ఊరు. ఇప్పుడు ఒక కాగితం తీసి ఆ నాలుగింటినీ బొమ్మగా గీయండి. బొమ్మ బాగా రానక్కర్లేదు. గీస్తున్నప్పుడు చెయ్యి కంటిని ఆపుతుంది. ఫొటో తీసేటప్పుడు కన్ను అలా ఆగదు. కొండమీద కోట కట్టినవాడు కిందికి చూసి ఏ చెరువుకు కాపలా కాశాడో ఆ కాగితమే మీకు చెబుతుంది.

నేను దిగి వచ్చి కట్టమీద నడుస్తుంటే, గేదెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి పలకరించాడు. ఖిల్లా చూడ్డానికి వచ్చానన్నాను. "ఖిల్లా ఏముంది సారూ, చెర్వు జూడు. ఇది నిండితే యాసంగికి రంది లేదు" అన్నాడు. ఏడు వందల ఏళ్ల కిందట చేసిన పని ఆయన మాటలో ఇంకా వర్తమానంలోనే ఉంది.

శ్రీరంగాపురం ఇక్కడికి దూరమేమీ కాదు. వనపర్తి సంస్థానాధీశులు పెబ్బేరు దగ్గర రంగసముద్రం చెరువు ఒడ్డున రంగనాయకస్వామి గుడి కట్టించారు. కావేరి నడుమ శ్రీరంగంలా తమకూ నీటి అంచున స్వామి ఉండాలనుకున్నారు. నది లేదు కాబట్టి చెరువును పెట్టుకున్నారు. సాయంత్రం వెళ్లండి. గోపురం నీడ నీళ్లలోకి సాగే వేళ అది.

వనపర్తి పట్టణంలో రాజభవనం చూడాలంటే టికెట్టు కొననక్కర్లేదు. అది పాలిటెక్నిక్ కాలేజీ. మిద్దెల కింద విద్యార్థులు డ్రాయింగు షీట్లు చంకన పెట్టుకుని తిరుగుతుంటారు. గద్వాల కోటదీ అదే కథ. లోపల డిగ్రీ కాలేజీ ఉంది, పక్కన చెన్నకేశవస్వామి గుడి ఉంది. తాళం వేసి, బోర్డు పెట్టి కాపాడిన కోటలకంటే పిల్లలు చదువుకునే కోటలే నాకు ఎక్కువ ఇష్టం. అయితే తరగతులు జరిగే వేళ లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర అడిగి వెళ్లండి. అది వాళ్ల కాలేజీ.

ఇప్పుడు సరళాసాగర్. పర్యాటకుల జాబితాల్లో దీని పేరు తరచుగా చివరన ఉంటుంది, లేదా అసలుండదు. నన్నడిగితే మొదట రాయాలి. మదనాపురం మండలం శంకరంపేట దగ్గర, వనపర్తి రోడ్డు రైల్వే స్టేషనుకు చేరువలో ఉంటుంది. 1949లో శంకుస్థాపన జరిగింది, 1959లో పని పూర్తయింది. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు పెట్టారు. అర టీఎంసీ పట్టే చిన్న జలాశయం. దాని గొప్పతనం పరిమాణంలో లేదు. దీనికి మనిషి ఎత్తాల్సిన గేట్లు లేవు.

ఇంట్లో డ్రమ్ములోంచి నీళ్లు తోడేటప్పుడు పైపు ముంచి, రెండో కొసను నోటితో ఒకసారి పీల్చి వదులుతాం చూడండి, సరళాసాగర్ పనిచేసే సూత్రం అదే. నీటిమట్టం పూర్తిస్థాయి దాటగానే, కట్టడంలో వంపు తిరిగిన సైఫన్ దారుల్లోకి నీరు ఎగబాకుతుంది. లోపలున్న గాలిని ఆ నీరే లాక్కుపోతుంది. ఇక ఎవరూ ముట్టుకోకుండానే నీరు ఒక్కసారిగా కిందికి దూకుతుంది. మట్టం తగ్గాక గాలి లోపలికి చొరబడి ధార తెగిపోతుంది. అర్ధరాత్రి వరద వచ్చినా కాపలాదారు నిద్ర లేవనక్కర్లేదు. మంచి వానాకాలంలో సైఫన్లు తెరుచుకున్నాయని తెలిస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చద్ది కట్టుకుని మరీ వచ్చి చూస్తారు.

2019 డిసెంబరు 31న దీని మట్టికట్టకు గండి పడింది. నిండుగా ఉన్న జలాశయం కొన్ని గంటల్లో ఖాళీ అయింది. తర్వాత తెగినచోట మళ్లీ కట్టారు. వెళ్లినప్పుడు పాత కట్టకూ కొత్త కట్టకూ తేడా వెతకండి. చాలామంది అందంగా ఉన్నవాటినే చూసి వస్తారు. చెడినచోట, అతుకు వేసినచోట నిలబడటం అలవాటు చేసుకుంటే, ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. మనుషుల విషయంలోనూ ఈ అలవాటు నాకు పనికొచ్చింది. ఒకరి విజయాలు విన్నప్పటికంటే, ఎక్కడ తెగి ఎలా కట్టుకున్నారో విన్నప్పుడే వాళ్లు దగ్గరయ్యారు.

అలంపురానికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. రైల్లో వస్తే జోగులాంబ హాల్టులో దిగవచ్చు. రోడ్డున వస్తే 44వ నంబరు జాతీయ రహదారి మీద అలంపూర్ చౌరస్తా దగ్గర తిరగాలి. కర్నూలు నుంచి అరగంట ప్రయాణం. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబను దర్శించుకుని వెంటనే బయల్దేరేవాళ్లే ఎక్కువ. పక్కనే బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరు బ్రహ్మది, లోపలంతా శివుడే. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. ఎక్కువ వాటికి మన దక్షిణాది మెట్ల గోపురంలా కాకుండా వంపు తిరిగి పైకి లేచే ఉత్తరాది శిఖరాలు, వాటి మీద ఉసిరికాయ ఆకారపు రాతిచక్రం. ఇవి తుంగభద్ర ఒడ్డుకు ఎలా వచ్చాయి అన్న ప్రశ్న మీకు కలిగితే మీ సాధన సరైన దారిలో ఉన్నట్టే.

తొమ్మిదీ చూడాలని పట్టుదల పెట్టుకోకండి. ఒక్కటి ఎంచుకోండి. నేను స్వర్గబ్రహ్మను ఎంచుకుంటాను. శిల్పం అక్కడ అంత నిండుగా ఉంటుంది. పంచతంత్రం కథలు రాతిలో చూడాలనుకుంటే విశ్వబ్రహ్మకు వెళ్లండి. ఆ ఒక్క గుడి చుట్టూ మూడుసార్లు తిరగండి. మొదటిసారి శిఖరం మాత్రమే చూడండి. రెండోసారి మీ కంటి ఎత్తులో ఉన్న గోడ. మూడోసారి అడుగున, పునాది దగ్గరున్న వరుస. ఒకే గుడి మూడు గుళ్లుగా కనిపిస్తుంది. ఒక చిన్న జాగ్రత్త. గుడి ఆవరణలో చెప్పులు విప్పాలి, పదకొండు దాటితే రాతిపరుపు మీద కాలు నిలవదు. తొమ్మిదిలోపే ఈ ప్రదక్షిణలు ముగించండి. ఎండ వేళ అలంపురం మ్యూజియంలోకి వెళ్లండి.

ఇక్కడా అదే ప్రశ్న వేయండి. నీళ్లెక్కడివి? తుంగభద్ర పక్కనే ఉంది, కానీ గుళ్ల దగ్గర నిలబడితే సరిగ్గా కనిపించదు. అడ్డంగా పెద్ద రక్షణ గోడ ఉంటుంది. శ్రీశైలం జలాశయం వెనుకజలాలు ఊరిని ముంచకుండా కట్టిన గోడ అది. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయం మాత్రం ఆ నీళ్లను తప్పించుకోలేక ఇక్కడికే వచ్చింది. రాళ్లు ఒక్కొక్కటిగా విప్పి, అలంపురంలో తిరిగి పేర్చారు. చాళుక్యులు ఒకసారి కట్టిన గుడిని మన కాలంలో రెండోసారి కట్టారు. గోడ దగ్గర నిలబడి రాళ్ల కీళ్లను చూడండి. ఎంత ఓపిక కావాలి ఆ పనికి! సంగమం దగ్గర ఉండటమే తన పేరుకు అర్థమైన గుడి, సంగమాన్ని వదిలి వచ్చింది. నేను ఎప్పుడు వెళ్లినా ఆ మెట్ల మీద కాసేపు కూర్చుంటాను.

అతుకుల మాట వచ్చింది కాబట్టి గద్వాల మగ్గాల దగ్గరికి వెళ్దాం. గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. వేడి నేలలో ఒంటికి హాయిగా ఉండాలి, పెళ్లిలో మెరవాలి. రెండు అవసరాలూ ఒకే చీరలో తీరాయి. నూలునూ పట్టునూ విడివిడిగా నేసి సూదితో కుట్టేస్తారని చాలామంది అనుకుంటారు. కాదు. నేతలోనే, అంచు పేకకూ ఒంటి పేకకూ ముడి వేసుకుంటూ పోతారు. మగ్గం ముందు నిలబడితే ఆ ముడి పడే చోటును వెతకండి. ఒక నేతగాడు నాకు చీర తిరగేసి చూపించాడు. "ముందువైపు అందరూ చూస్తరు సార్. పని దెలవాలంటే ఎనకవైపు చూడాలె."

ఆ మాట నా నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకున్నాను.

మగ్గం దగ్గర మర్యాద ముఖ్యం. లోపలికి అడిగి వెళ్లండి. ఫొటో కూడా అడిగే తీయండి. ధర తర్వాత అడగవచ్చు, ముందు ఎన్ని రోజులు పట్టిందో అడగండి. ఇంట్లో ఎవరెవరు పని చేస్తారో, ఆసు ఎవరు తిప్పుతారో అడగండి. కొనదలచుకుంటే మగ్గం పక్కన కూర్చుని బేరమాడకండి. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. సంస్థానం నాటి నుంచీ వస్తున్న ఆనవాయితీ. పదకొండు గజాల ఆ పంచెలను నేతగాళ్లు నియమనిష్ఠలతో దీక్ష పట్టి నేస్తారు. తుంగభద్ర ఒడ్డున రాజోలి కూడా నేత ఊరే. 2009 అక్టోబరు వరదలో అక్కడ ఇళ్లతోపాటు మగ్గాలూ మునిగాయి. కాలువలో నీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్లే అప్పుడు నది నుంచి పారిపోవాల్సి వచ్చింది. నడిగడ్డలో నీళ్ల కథ ఒక్క వైపు నుంచి వింటే సరిపోదని నాకు అర్థమైంది అక్కడే.

మధ్యాహ్నం ఆకలైతే జూరాల ప్రాజెక్టు వైపు వెళ్లండి. ఆనకట్ట దగ్గర అప్పటికప్పుడు వేయించి పెట్టే కృష్ణ చేపలు దొరుకుతాయి. జొన్నరొట్టె ఎక్కడైనా దొరుకుతుంది.

తిరిగి వచ్చాక ఒక పుస్తకం చదవండి. వెళ్లేముందు చదివితే అందులోని మాటలే వెతుక్కుంటారు, అందుకే తర్వాత అంటున్నాను. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. ఆయనది నడిగడ్డలోని ఇటిక్యాలపాడు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టినవాడు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచినవాడు. 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది, అప్పటికి ఆయన లేడు. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికాడు. ఈ అధ్యాయంలో నేను చెబుతున్న చూపు ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఇక చివరి పాఠం. ఇది కొంచెం కష్టం, ఎందుకంటే రెండుసార్లు వెళ్లాలి. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపురం దగ్గర సోమశిల. ఇక్కడి లలితా సోమేశ్వరాలయాలు కూడా శ్రీశైలం ముంపు వల్ల పాతచోటు నుంచి పైకి వచ్చినవే. కొల్లాపురంలోని మాధవస్వామి గుడి మంచాలకట్ట నుంచి, జటప్రోలు గుళ్లు పాత జటప్రోలు నుంచి ఇలాగే తరలాయి. ఒక్క తాలూకాలో ఇన్ని గుళ్లు చోటు మార్చుకున్న ప్రాంతం అరుదు. గుళ్లను విప్పి తెచ్చారు కానీ ఊళ్లను తేలేకపోయారు. శ్రీశైలం కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి.

మొదటిసారి కార్తీకం, పుష్యమాసాల మధ్య వెళ్లండి. కృష్ణ సముద్రంలా ఉంటుంది. నీటిమట్టం ఉన్న రోజుల్లో శ్రీశైలానికి లాంచీ కూడా నడుస్తుంది. లాంచీ ఐనా, చిన్న పడవ ఐనా లైఫ్‌ జాకెట్ వేసుకోకుండా ఎక్కకండి. 2007 జనవరిలో ఈ నీళ్ల మీదే పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. నల్లమల వైపు ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం ఈ కాలంలోనే చూసుకోవచ్చు. మన్ననూరు దాటాక పులుల అడవి, రాత్రిపూట రోడ్డు మూసేస్తారు, చీకటి పడేలోగా దాటేయండి.

రెండోసారి వైశాఖంలో వెళ్లండి, కొల్లాపురం మామిడి దిగే రోజుల్లో. అదే మెట్ల మీద నిలబడండి. నీరు దూరంగా వెనక్కి వెళ్లి ఉంటుంది. పగిలిన ఒండ్రు, నీటి గీతలు పడిన ఒడ్డు, ఎక్కడో మొండిగోడ. అవతలి ఒడ్డున నంద్యాల జిల్లా వైపు, ఏడాదిలో ఎక్కువ కాలం నీటిలో ఉండే మరో గుడి, సంగమేశ్వరం, బయటపడుతుంది. అందులో శివలింగం వేపచెక్కతో చేసింది. పూజారి అన్ని నెలలూ ఎదురుచూసి, నీరు తగ్గగానే దీపం పెడతాడు.

ఒక మే నెలలో నేను వెళ్లినప్పుడు, మెట్ల దగ్గర మామిడికాయలు అమ్ముకునే ఒక అవ్వ నీళ్ల వైపు చెయ్యి చాచింది. "గా మోటుబండ కానొస్తున్నది జూడు, గాడ మా పుట్టినిల్లు" అంది. నాకు బండ ఒక్కటే కనిపించింది. ఆమె ఇంటి ముందరి వేపచెట్టు, పక్కింటివాళ్ల అరుగు, బావి ఏ వైపు ఉండేదో అన్నీ చెప్పింది. జనవరిలో వచ్చిన రోజు నేను అదే చోట నిలబడి, నీళ్లు ఎంత బాగున్నాయో అనుకున్నాను.

రెండోసారికి బయల్దేరే ముందు రోజు కొల్లాపురంలో ఎవరినైనా అడిగి సంగమేశ్వరం గుడి తేలిందో లేదో తెలుసుకోండి. ఏటా ఒకే తేదీకి తేలదు. ఆ సంగతి నీళ్లే నిర్ణయిస్తాయి.